షవర్మా నుంచి నీలోఫర్ దాకా: టర్కిష్ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి?

క్లుప్తంగా: టర్కిష్ భాషలో పాలు, ఉప్పు, మాంసం లాంటి మాటలు మధ్య ఆసియా నుంచి వెంట తెచ్చుకున్నవి. తోట, చేపలు, అంగడి మాటల్లో పారశీకం, అరబిక్, గ్రీకు, ఇటాలియన్ వాటా ఎక్కువ. 1928 తర్వాత నడిచిన భాషా సంస్కరణ బడినీ, కచేరీనీ మార్చింది గానీ వంటింటి జోలికి పెద్దగా పోలేదు. తెలుగులో ఉన్న తుర్కీ (టర్కిష్ కూడా చేరే మధ్య ఆసియా భాషా కుటుంబం) మాటలు కొన్నే. అవీ ఇస్తాంబుల్ నుంచి నేరుగా రాలేదు.

## ఒకే ఊచ, మూడు పేర్లు

సాయంత్రమయ్యేసరికి హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ వీధి చివర నిలువు ఊచకు గుచ్చిన మాంసం తిరుగుతూ కాలుతుంటుంది. షవర్మా అనే పేరు మనకు గల్ఫ్ అరబ్బుల వంటకంతో పాటు వచ్చింది. అయితే ఆ మాట అరబ్బులది కాదు. టర్కిష్‌లో ‘చెవిర్మె’ అంటే తిప్పడం. అరబిక్‌లో ‘చ’ ధ్వని లేకపోవడంతో అది ‘షావర్మా’ అయింది. టర్కీలో మాత్రం ఇదే పద్ధతి వంటకాన్ని ‘డోనర్’ అంటారు. ‘డోన్‌మెక్’ అంటే తిరగడం, డోనర్ అంటే తిరిగేది. గ్రీసులోనూ మొదట్లో డోనర్ అనే అన్నారు. తర్వాత ఆ మాటకు గ్రీకులో సమానార్థకం వెతికి ‘గీరోస్’ అని పెట్టుకున్నారు. దానికీ అర్థం గిరగిరా తిరగడమే.

డోనర్ పేరుకు ఐరోపా సమాఖ్యలో రక్షణ కావాలంటూ టర్కీ వైపు నుంచి వెళ్లిన దరఖాస్తుకు 2024లో జర్మనీ అభ్యంతరం చెప్పింది. లక్షల మంది టర్కీ వలస కార్మికులు స్థిరపడిన జర్మనీలో అది రోజువారీ తిండి మరి. 1974 సైప్రస్ సంఘర్షణ తర్వాత గ్రీసులో ‘టర్కిష్ కాఫీ’ కాస్తా ‘గ్రీకు కాఫీ’ అయిపోయింది; కప్పులో ఉన్న కాఫీ మాత్రం అదే. ఇలాంటి తగాదా వచ్చినప్పుడల్లా రెండు వైపులవారూ పదం పుట్టుకను సాక్ష్యంగా తెస్తారు. ఆ సాక్ష్యం నిలబడేది సగమే. ఒక వస్తువు పేరు ఏ భాషదో తెలిస్తే, ఆ వస్తువు ఎవరి చేతి మీదుగా అందిందో తెలుస్తుంది. మొదట వండింది ఎవరో దాన్నిబట్టి తేలదు. టర్కిష్ పదకోశం అంతటా ఈ తేడా కనిపిస్తుంది.

## పొద్దుటి బల్ల మీద

టర్కిష్‌లో పొద్దుటి ఫలహారాన్ని ‘కహ్వల్తి’ అంటారు. ‘కహ్వె’ అంటే కాఫీ, ‘అల్తి’ అంటే దాని కింద. ఖాళీ కడుపుతో కాఫీ తాగకుండా ముందు నాలుగు ముద్దలు తినే ఉస్మానియా (ఒట్టొమన్) సామ్రాజ్య కాలపు అలవాటు నుంచి వచ్చిన పేరిది. ఇప్పుడు ఆ పూట తాగేది చాయ్. యెమెన్ లాంటి అరబ్ ప్రాంతాలు చేజారి కాఫీ ఖరీదైన దిగుమతి సరుకైంది. 1930ల చివర నల్లసముద్ర తీరంలోని రిజె కొండల మీద తేయాకు సాగు నిలదొక్కుకుంది. కాఫీ స్థానాన్ని చాయ్ తీసుకున్నా భోజనం పేరులో కాఫీ అలాగే ఉండిపోయింది.

ఆ బల్ల మీద ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూస్తే వలస చరిత్ర వరసగా బయటపడుతుంది. ‘ఎక్మెక్’ (రొట్టె), ‘యుముర్త’ (గుడ్డు), ‘సుట్’ (పాలు), ‘తుజ్’ (ఉప్పు), ‘కయ్‌మక్’ (మీగడ) పాత తుర్కీ మాటలు. ప్రపంచమంతా వాడే ‘యోగర్ట్’ కూడా ఇక్కడిదే; చిక్కబడటం, పిసకడం అనే అర్థాలున్న ధాతువుతో దానికి చుట్టరికం. మందలు మేపుకుంటూ బతికిన జనానికి పాలు, వాటితో చేసేవాటి పేర్లు ఎవరి దగ్గరా అడిగి తెచ్చుకోవలసిన పని లేదు. అయినా జున్ను లాంటి ‘పెయ్‌నిర్’ పారశీక పదం, మన పనీర్‌కు తోబుట్టువు. పళ్ల పాకం ‘రెచెల్’ కూడా పారశీకమే. ‘జెయ్‌తిన్’ (ఆలివ్) అరబిక్. నువ్వులు అద్దిన కంకణం లాంటి ‘సిమిత్’ రొట్టె పేరు, మెత్తటి గోధుమ పిండికి అరబిక్‌లో ఉన్న ‘సమీద్’ నుంచి వచ్చింది. ‘దోమతెస్’ మెక్సికోలో పుట్టి స్పానిష్, గ్రీకు నోళ్లు తిరిగి వచ్చిన టమాటా.

దోసకాయ సంగతి వేరు. దాని పాత పేరు ‘హియార్’, పారశీకం నుంచి వచ్చింది. కాలక్రమంలో ఆ మాట మొరటు మనిషిని తిట్టే తిట్టుగా మారడంతో మర్యాదస్తులు కాయను ‘సలతలిక్’, అంటే సలాడ్‌కు పనికొచ్చేది, అనడం మొదలుపెట్టారు. సలాడ్ మాట ఇటాలియన్‌ది, చివరి ప్రత్యయం టర్కిష్‌ది. ఏ భాషా సంఘమూ తీర్మానం చేయకుండానే ఒక వంటింటి మాట వెనక్కి తగ్గిన సందర్భం ఇది.

పనిముట్ల దగ్గరికొస్తే చెంచా (‘కషిక్’), కత్తి (‘బిచక్’) సొంతవి. ఫోర్కు ఐరోపా నుంచి వచ్చినా దానికి కొత్త పేరు అరువు తెచ్చుకోలేదు; చీలిన కొమ్మకు ఉన్న ‘చతల్’ అన్న పాత మాటనే వాడుకున్నారు. పళ్లెం ‘తబక్’ అరబిక్, చేతి రుమాలు ‘పెచెతె’ ఇటాలియన్.

వంట పద్ధతి పేర్లలో సొంత వ్యాకరణం బలం తెలుస్తుంది. నిండటం అనే క్రియ నుంచి ‘దోల్మ’, చుట్టడం నుంచి ‘సర్మ’, వేయించడం నుంచి ‘కవుర్మ’, గడ్డకట్టించడం నుంచి ఐస్‌క్రీమ్‌కు ‘దొందుర్మ’ పుట్టాయి. లోపల కూరేది పారశీక పేరున్న వంకాయ కావచ్చు, గ్రీకు పేరున్న క్యాబేజీ కావచ్చు. చేసే పని మాత్రం టర్కిష్ క్రియ.

## నదిలో టర్కిష్, సముద్రంలో గ్రీకు

ఇస్తాంబుల్ చేపల అంగడిలో పేర్ల పంపకం మరీ స్పష్టం. చేపకు సాధారణ నామం ‘బలిక్’, పాత తుర్కీ మాట. మంచినీటి ట్రౌట్ చేప ‘అలబలిక్’, అంటే మచ్చల చేప. ఇదీ సొంత పేరే. ఉప్పునీటి చేపల దగ్గరికి రాగానే భాష మారిపోతుంది: ‘లెవ్రెక్’, ‘ఉస్కుమ్రు’, ‘చిపుర’, ‘ఇస్తవ్రిత్’, నల్లసముద్ర ప్రాంతం ప్రాణం పెట్టే చిన్న చేప ‘హమ్సి’ అన్నీ గ్రీకు పేర్లే. ఆల్చిప్ప జాతి ‘మిద్యె’, ఎనిమిది కాళ్ల ‘అహ్తపోత్’ కూడా అంతే.

కారణం భూగోళంలో ఉంది. తుర్కీ తెగలు మైదానాల్లో, పచ్చిక బయళ్లలో గుర్రాల మీద బతికినవారు. 1071లో మంజికెర్త్ యుద్ధంలో సెల్జుక్ తుర్కీలు బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్య సేనను ఓడించాక అనతోలియాలోకి, అంటే నేటి టర్కీలో అధిక భాగమైన ప్రాంతంలోకి, పెద్ద ఎత్తున వచ్చారు. అక్కడి తీరాల వెంట వల వేసేది, పడవ నడిపేది గ్రీకు మాట్లాడే జనం. చేపను ఎవరి దగ్గర కొన్నారో వారి మాటతోనే ఇంటికి తెచ్చుకున్నారు. గాలుల పేర్లూ ఆ పడవలవారివే: ఈశాన్యపు గాలి ‘పొయ్‌రాజ్’ గ్రీకుల బోరియాస్, దక్షిణం నుంచి వీచే ‘లొదొస్’ గ్రీకుల నోతోస్. రేవు ‘లిమాన్’ కూడా గ్రీకే. ఓడ యజమానులు, వర్తకులు వెనిస్, జెనోవా నుంచి వచ్చేవారు కాబట్టి ఓడ దిగే మెట్టు ‘ఇస్కెలె’, తుఫాను ‘ఫిర్తిన’, నౌకా నాయకుడు ‘కప్తాన్’ ఇటాలియన్ వైపు నుంచి చేరాయి. బీమా ‘సిగోర్త’, సరుకు చిట్టా ‘ఫతుర’ ఆ వ్యాపారుల పద్దు పుస్తకాల్లోంచి వచ్చినవే.

తోటలోనూ కొంతవరకు ఇదే వరస. క్యాబేజీ ‘లహన’, చిక్కుడు ‘ఫసుల్యె’, చెర్రీ ‘కిరాజ్’ గ్రీకు మాటలు. కొత్తిమీరను పోలిన పార్స్‌లీని ‘మయ్‌దనోజ్’ అంటారు, మాసిడోనియా ఆకు అని దాని అసలు అర్థం. ఇంటి పునాది ‘తెమెల్’, పెంకు ‘కిరెమిత్’, తాళంచెవి ‘అనహ్తార్’ కూడా గ్రీకు నుంచి వచ్చినవే. గుడారం వదిలి ఇల్లు కట్టుకున్న జనం ఇంటి మాటలను తాపీ మేస్త్రీ నోటి నుంచి నేర్చుకోవడంలో వింత లేదు.

టర్కీ భాషా సంస్థ 2005లో వెలువరించిన నిఘంటువులో అరబిక్ మూలం ఉన్న పదాలు 6,400కు పైబడి ఉన్నాయి, ఫ్రెంచ్‌వి దాదాపు 5,000, పారశీకానివి 1,300 పైచిలుకు. గ్రీకువి 400కు అటూ ఇటూ. లెక్కలో గ్రీకు చిన్నది. కానీ అరబిక్ పదాల్లో చాలావరకు మతానికి, న్యాయానికి, విద్యకు చెందినవి. ఫ్రెంచ్ పదాలు 19వ శతాబ్దపు సంస్కరణల కాలంలో మొదలై హోటలు, రైలు, క్షౌరశాల, వైద్యశాస్త్రం వెంట చేరాయి. కూరగాయల సంచీతో బజారుకు వెళ్లేవారికి గ్రీకు పదమే ఎక్కువగా తగులుతుంది. పదాల సంఖ్యను బట్టి ప్రభావాన్ని అంచనా వేసే వ్యాసాలు ఈ సంగతి వదిలేస్తుంటాయి.

## భారతదేశం పేరు మోసే సరుకులు

ఇంగ్లీషువారు టర్కీ అని పిలిచే కోడిని టర్కీలో ‘హింది’ అంటారు. అంటే భారతదేశానిది. నిజానికి ఆ పక్షి మెక్సికోది. కొత్తగా కనుగొన్న అమెరికా ఖండాన్ని ఐరోపావారు చాలాకాలం ‘ఇండీస్’ అన్నారు. ఫ్రెంచ్‌వారు సైతం ఆ పక్షిని ‘ఇండియా కోడి’ అనే అర్థం వచ్చేలా ‘దాంద్’ అన్నారు. ఇంగ్లండులో అప్పటికే టర్కీ వర్తకుల మీదుగా వచ్చే గినీ కోడికి ఉన్న పేరు దీనికి అంటుకుంది. దేశం పేరును ఇకపై ‘తుర్కియె’ అని రాయాలన్న అభ్యర్థనను 2022 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించినప్పుడు ఈ కోడి మళ్లీ వార్తల్లోకెక్కింది.

కొబ్బరికాయ ‘హిందిస్తాన్ జెవిజి’, అంటే భారతదేశపు అక్రోటు. ఇందులో పొరపాటేమీ లేదు, సరుకు మన సముద్రం మీదుగానే వెళ్లింది. చింతపండును అరబ్బులు ‘తమ్ర్ హిందీ’, అంటే భారత ఖర్జూరం, అన్నారు. టర్కిష్‌లో మొదటి ముక్క అర్థం కాక, తమకు తెలిసిన ‘దెమిర్’ (ఇనుము)గా మార్చేసి ‘దెమిర్‌హింది’ అన్నారు. ఇనుముకూ చింతపండుకూ ఏ సంబంధమూ లేదు, అయినా ఆ పేరుతోనే రంజాన్‌లో షర్బత్ అమ్ముతారు.

మొక్కజొన్న పేరు ‘మిసిర్’, ఈజిప్టు అని. నారింజ ‘పోర్తకాల్’, పోర్చుగల్ అని. మొక్కజొన్న అమెరికాది, నారింజ ఆసియాది. పేరు ఇక్కడ కూడా సరుకు అందించిన దారినే చెబుతోంది. ఇలాంటప్పుడు తెలుగు రెండు పద్ధతులూ వాడింది: సీమచింత అన్నప్పుడు బయటి దేశం, మొక్కజొన్న అన్నప్పుడు తెలిసిన పంట జొన్నతో పోలిక.

దేశం పేరు తగలకుండానే భారత మూలం ఉన్నవీ ఉన్నాయి. సంస్కృత ‘శర్కర’ పారశీకం మీదుగా టర్కిష్ ‘షెకెర్’ అయింది, మనకు చక్కెర. ‘పిప్పలి’ గ్రీకు మీదుగా వెళ్లి ‘బిబెర్’ అయింది. ఇప్పుడది మిరియానికీ, మిరపకూ కలిపి వాడుతున్న మాట.

## నోట్లో పడ్డాక

అరువు మాట టర్కిష్‌లోకి వచ్చాక యథాతథంగా ఉండదు. పదం చివర బ, ద లాంటి నాదాక్షరాలు నిలవవు: కితాబ్ ‘కితాప్’, జవాబ్ ‘జెవాప్’, కబాబ్ ‘కెబాప్’, మహమ్మద్ ‘మెహ్మెత్’, అహ్మద్ ‘అహ్మెత్’ అవుతాయి. వెనక అచ్చు చేరితే పోయిన అక్షరం తిరిగొస్తుంది, ‘కితాబి’ అన్నట్టు. అవే పదాలకు తెలుగు చివర ఉకారం చేర్చి జవాబు, కబాబు చేసింది. 

పదం మొదట్లో రెండు హల్లులు కలిస్తే ముందో ఇకారం వస్తుంది: స్మిర్నా నగరం ‘ఇజ్మీర్’, స్టేషన్ ‘ఇస్తస్యోన్’. పల్లెల్లో ఇస్కూలు, ఇస్టేషను అనే తెలుగువారికి ఇది కొత్త కాదు.

## చట్టం ఎక్కడిదాకా పోయింది

1928 నవంబర్ 1న టర్కీ పార్లమెంటు అరబిక్ లిపి స్థానంలో లాటిన్ లిపిని ఆమోదించింది. 1932 జూలై 12న టర్కీ గణతంత్ర స్థాపకుడు ముస్తఫా కెమాల్ చొరవతో భాషా సంఘం ఏర్పడింది. అరబిక్, పారశీక పదాలను తప్పించి వాటి స్థానంలో మాండలికాల నుంచి, పాత గ్రంథాల నుంచి, కొత్త కల్పన నుంచి టర్కిష్ పదాలు తేవడం దాని పని. బడి ‘మెక్తెప్’ నుంచి ‘ఒకుల్’ అయింది, విమానం ‘తయ్యారె’ నుంచి ‘ఉచక్’ అయింది. త్రిభుజానికి ‘ఉచ్‌గెన్’ లాంటి రేఖాగణిత పదాలను కెమాలే కల్పించారు. దెబ్బ ఎంత లోతుగా తగిలిందంటే, 1927లో ఆయన ఆరు రోజుల పాటు చేసిన ప్రసంగాన్ని తర్వాతి తరాల కోసం కొత్త టర్కిష్‌లోకి మార్చి అచ్చు వేయాల్సి వచ్చింది.

అదే కాలంలో ‘పెయ్‌నిర్’, ‘చోర్బ’, ‘పిలావ్’, ‘కెబాప్’ మాటలను ఎవరూ కదపలేకపోయారు. కదపాలని గట్టిగా ప్రయత్నించిన దాఖలాలూ తక్కువ. పాఠ్యపుస్తకం, గెజిట్, పత్రిక ప్రభుత్వం చేతిలో ఉంటాయి కాబట్టి ఆ మాటలు పదేళ్లలో మారతాయి. జున్ను ధర అడిగే మాటకు అచ్చుయంత్రం అక్కర్లేదు. పుస్తకానికి ‘బెతిక్’ అని పెట్టినా ‘కితాప్’ పోలేదు. రైలుకు ధూమశకటం అని పెట్టి చూసిన తెలుగువారికి ఈ అనుభవం తెలిసిందే. వస్తువుతో పాటు వచ్చిన మాట స్థిరపడకముందే కొత్త మాట అందితే ఫలితం వేరుగా ఉంటుంది: ఫ్రిజ్‌కు ‘బుజ్‌దొలబి’ (మంచు బీరువా), కంప్యూటర్‌కు 1969లో కల్పించిన ‘బిల్గిసయార్’ ఇంటింటా నిలిచాయి.

## ఇంటిపేర్లకు గడువు

1934 జూన్ 21న ఆమోదం పొంది 1935 జనవరి 2న అమల్లోకి వచ్చిన చట్టం ప్రతి కుటుంబాన్నీ ఒక ఇంటిపేరు ఎంచుకోమంది. ఎంచుకోవడానికి రెండేళ్ల గడువు. అంతవరకు చాలామంది తండ్రి పేరుతోనో, ఊరి పేరుతోనో, మారుపేరుతోనో చెలామణీ అయ్యారు. నియమావళి -యాన్, -ఒఫ్, -విచ్, -పులోస్ లాంటి పరభాషా ముగింపులను నిషేధించడంతో అర్మేనియన్, స్లావ్, గ్రీకు మూలాల కుటుంబాల్లో కొన్ని పేరులోనే గుర్తింపు కోల్పోయాయి. కెమాల్‌కు ‘అతాతుర్క్’ అనే పేరును 1934 నవంబర్ 24న ప్రత్యేక చట్టంతో ఇచ్చారు. ‘ఎఫెంది’, ‘బెయ్’, ‘పాషా’ బిరుదులు రెండు రోజుల తర్వాత రద్దయ్యాయి. బెయ్ మాత్రం ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది: ‘అహ్మెత్ బెయ్’ అంటే అహ్మెత్ గారు.

గడువు పెట్టి ఎంచుకోమన్నందుకే టర్కీ ఇంటిపేర్లలో ఇంత పోలిక: యిల్మాజ్ (వెనక్కి తగ్గనివాడు), కయ (బండ), దెమిర్ (ఇనుము), చెలిక్ (ఉక్కు), యిల్దిజ్ (చుక్క). తరాల కింద ఏర్పడ్డ తెలుగు ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్లను గుర్తుపెట్టుకుంటే, ఇవి ఆ రెండేళ్ల కాలంలో మెచ్చిన గుణాలను గుర్తుపెట్టుకున్నాయి.

మొదటి పేర్ల మీద చట్టం పట్టు తక్కువ. ముస్తఫా, అయ్‌షె, ఫత్మ లాంటి అరబిక్ పేర్లు, ఫెర్హాత్, షిరీన్ లాంటి పారశీక పేర్లు కొనసాగాయి. వాటి పక్కన దెనిజ్ (సముద్రం), యామూర్ (వాన) పెరిగాయి. పాత పల్లె పేర్లలో దుర్సున్ (నిలవాలి), యషార్ (బతుకుతాడు) పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో పెట్టినవి. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట ‘యెతెర్’ (చాలు) అనీ పెట్టేవారు. పిల్లలు దక్కాలని పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న తెలుగు పల్లెల పద్ధతికి ఇది దగ్గరది. మనవారు దిష్టి తగలకుండా పేరును తక్కువ చేశారు, వారు కోరికనే పేరుగా పెట్టారు.

## తెలుగులో తుర్కీ మాటలు: ఏవి అవును, ఏవి కావు

బజారు, పరదా, జేబు, దుకాణం, జవాబు, కాగితం వంటి పదాలు టర్కిష్‌లోనూ, తెలుగులోనూ కనిపించడం చూసి వాటిని ‘తెలుగులోని టర్కిష్ పదాలు’ అని జాబితాలు వేస్తుంటారు. అది సరికాదు. అవి పారశీక, అరబిక్ పదాలు; రెండు భాషలూ విడివిడిగా అరువు తెచ్చుకున్నాయి. చాయ్ కూడా అంతే, చైనా నుంచి భూమార్గంలో పారశీకం మీదుగా రెండువైపులకూ వెళ్లింది. కోస్తాలో వినిపించే టీ సముద్రమార్గపు రూపం.

నిజంగా తుర్కీ మూలం ఉన్నవి మధ్య ఆసియా నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చాయి. కుర్మా పైన చెప్పిన ‘కవుర్మ’ బంధువే. ఖీమాకు మూలం తరగడం అనే క్రియ, టర్కీలో ‘కియ్మ’. చాకు, తుపాకి ఈ దారివే. ఖజాంచిలోని ‘చి’ టర్కీలో పాలవాణ్ని ‘సుట్‌చు’, కాఫీ అమ్మేవాణ్ని ‘కహ్వెజి’ చేసే ప్రత్యయం. ఉర్దూ అనే పేరే ‘ఒర్దు’, అంటే సైనిక విడిది. బేగం, ఖానం తుర్కీ గౌరవ వాచకాలు. 1518లో గోల్కొండ రాజ్యానికి పునాది వేసిన సుల్తాన్ కులీ పేరులోని ‘కుల్’ అంటే సేవకుడు. ఆయన వంశమూలం ‘కర కోయున్లు’ తుర్కమాన్‌లు, అంటే నల్ల గొర్రెలవారు. 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ పేరులోనూ అదే మాట ఉంది.

ఉస్మానియా ఇస్తాంబుల్‌కూ హైదరాబాద్‌కూ నేరుగా వియ్యం కలిసింది 1931లో. చివరి నిజాం పెద్ద కొడుకులిద్దరూ ఉస్మానియా వంశపు ఆడపడుచులు దుర్రుషెహ్వర్, నీలోఫర్‌లను ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్లాడారు. టర్కిష్‌లో ‘నిలుఫెర్’ అంటే కలువ. పారశీకంలో నీలూఫర్, దానికి మూలం సంస్కృత నీలోత్పలం. రెడ్‌హిల్స్‌లోని పిల్లల ఆసుపత్రికి పెట్టింది ఆ రాకుమారి పేరే.